బొమ్మ రైలు కన్నా ముందు పుస్తకం

ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్, కలకత్తా రైల్వే కొలువులకు, అంతకు ముందు రంగూన్‌కు వలస వెళ్లి వచ్చిన కుటుంబాలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి అటక మీది ట్రంకు పెట్టెలో కీ ఇస్తే నడిచే రేకు రైలింజను ఒకటి దొరికిందనుకుందాం. దానితోపాటు రెండు బోగీలు, నాలుగైదు వంపు పట్టాలు, రంగు వెలిసిన అట్టపెట్టె. ఇంటివారికి వచ్చే ప్రశ్న ఒక్కటే: దీనికి ఎంత వస్తుంది? సేకరణ మొదలుపెట్టినవారు అడగవలసినవి వేరు. దీన్ని ఎవరు చేశారు? ఎప్పుడు చేశారు? ఇంజనూ బోగీలూ ఒకే కాలానివేనా? చక్రాలు అసలువేనా? రంగు కార్ఖానాలో వేసినదేనా? ఇవి తేలితే ధర దానంతట అదే తేలుతుంది. ఇవి తేలకుండా ధర వెతికితే, ఫోనులో అమ్మకానికి పెట్టిన ఏదో పోలికైన బొమ్మ పక్కన ఉన్న అంకె చూసి ఆశపడడమే మిగులుతుంది.

ఈ ప్రశ్నలకు జవాబు రెండు చోట్ల దొరుకుతుంది. వందల బొమ్మలను చేత్తో పట్టి చూసిన అనుభవంలో, లేదా అలాంటి అనుభవం ఉన్నవారు రాసిపెట్టిన పుస్తకంలో. అమెరికాలో 1954లో ఏర్పడిన ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ సభ్యుల పెద్ద సంత పెన్సిల్వేనియాలోని యార్క్‌లో ఏటా రెండుసార్లు జరుగుతుంది. బ్రిటన్‌లో హార్న్‌బీ అనే పేరుతో వచ్చిన బొమ్మ రైళ్లను సేకరించేవారికి హార్న్‌బీ రైల్వే కలెక్టర్స్ అసోసియేషన్ 1969 నుంచి ఉంది. అక్కడ కొత్తగా చేరిన సభ్యుడు ఒక్క పూటలో పదుల ఇంజన్లను తిరగేసి చూడగలడు. టెక్కలిలోనో బొబ్బిలిలోనో ఉండే సేకర్తకు ఆ వీలు లేదు. ఏడాదికి ఒకటి రెండు బొమ్మలు కంటపడితే గొప్ప. అక్కడ పుస్తకం అనుభవానికి తోడు, ఇక్కడ అనుభవానికి బదులు. ఏ పుస్తకం కొనాలన్నది ఈ తేడాను బట్టే తేల్చుకోవాలి.

కొత్తవారి డబ్బు ఎక్కువగా పోయేది పెద్ద సైజు రంగుల ఫొటోల పుస్తకాల మీద. 1890ల నుంచి 1960ల దాకా, జర్మనీ నుంచి అమెరికా దాకా అన్నీ అందులో ఉంటాయి. తిరగేస్తుంటే కళ్లు చెదురుతాయి. అయితే ఆ ఫొటోలు చాలావరకు మ్యూజియంలలోని మేలిరకం బొమ్మలవి. మన చేతికి వచ్చే మామూలు బొమ్మ, లక్షల సంఖ్యలో తయారై పిల్లల చేతుల్లో నలిగినది, వాటిలో దాదాపు కనిపించదు. కనిపించినా ఒక వైపు నుంచి తీసిన ఒక్క ఫొటో ఉంటుంది. ఇంజను అడుగు భాగం, చక్రాల వెనుక వైపు, కొక్కెం ఆకారం, కీ రంధ్రం ఏ పక్క ఉందన్నది, ఇవేవీ ఆ పుస్తకాలు చూపవు. గుర్తింపుకు పనికివచ్చేవి మాత్రం సరిగ్గా ఇవే. ఫొటోల పుస్తకం కొనకూడదని కాదు, మొదటి పుస్తకంగా కొనకూడదు.

మొదటి పుస్తకం ఒకే కంపెనీ మీద, వీలైతే ఆ కంపెనీ చేసిన ఒకే గేజి (పట్టాల మధ్య దూరం) మీద, లోతుగా రాసినదై ఉండాలి. హార్న్‌బీ విషయంలో అలాంటిది క్రిస్, జూలీ గ్రేబ్‌లు రాసి 1985లో న్యూ కావెండిష్ ప్రచురించిన 'ద హార్న్‌బీ గేజ్ ఓ సిస్టమ్'. హార్న్‌బీ రైళ్లను చేసిన మెకానో కంపెనీ ఉత్పత్తులపై వచ్చిన పుస్తకాల వరుసలో అది ఒకటి. ఆ వరుసలోనే హార్న్‌బీ డబ్లో (అంటే చిన్నదైన డబుల్ ఓ గేజి) రైళ్లపై మైకేల్ ఫోస్టర్ పుస్తకం 1980లో వచ్చింది. ఒక కార్ఖానా ప్రతి ఏడూ ఏమేమి మార్చిందో ఓపికగా నమోదు చేయడం వీటి గొప్పతనం. 1901లో మెకానో అనే విప్పి బిగించే ఆటవస్తువుకు పేటెంటు పొందిన ఫ్రాంక్ హార్న్‌బీ, 1920లో లివర్‌పూల్ నుంచి తొలి కీ రైళ్లను బజారులోకి తెచ్చాడు. మెకానో లాగే వాటినీ నట్లు బోల్టులతో విప్పి బిగించవచ్చు. తర్వాతి ఏళ్లలో ఆ నిర్మాణం, కొక్కేలు, చక్రాలు, రంగులు, అక్షరాలు అన్నీ మారుతూ వచ్చాయి. మారిన ప్రతిదీ ఒక తేదీ చెబుతుంది.

రంగుల సంగతే చూడండి. బ్రిటన్‌లో వందకు పైగా ఉన్న రైల్వే కంపెనీలను 1923 జనవరి నుంచి నాలుగు పెద్ద కంపెనీలుగా కలిపారు. 1948 జనవరిలో ఆ నాలుగూ జాతీయమై బ్రిటిష్ రైల్వేస్ అయ్యాయి. బొమ్మల కంపెనీలు అసలు రైళ్లను అనుసరించాయి కనుక, ఇంజను పక్కన ఉన్న అక్షరాలు మిడ్‌లాండ్ రైల్వేవా, లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్‌వా, బ్రిటిష్ రైల్వేస్‌వా అన్నదాన్ని బట్టి బొమ్మ వయసు స్థూలంగా తెలిసిపోతుంది. స్థూలంగా అనడానికి కారణం ఉంది. అసలు రైలు పేరు మారిన రోజునే కార్ఖానాలో అచ్చు మారదు. పాత సరుకు అయ్యేదాకా పాత రంగే నడుస్తుంది. ఒక్కో ముక్కకు ఆ ఆలస్యం ఎంతో చెప్పగలిగేది మంచి గుర్తింపు గ్రంథం ఒక్కటే.

జర్మన్ బొమ్మలకు ముద్రలు కీలకం. నూరెంబర్గ్‌లోని బింగ్ సోదరుల కార్ఖానా బొమ్మలపై మొదట 'జి.బి.ఎన్.' అని, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి కాలంలో 'బి.డబ్ల్యు.' అని ముద్ర ఉండేది. ఆ కంపెనీ 1930ల మొదట్లో మూతపడింది. అదే ఊళ్లోని జార్జి కారెట్ కార్ఖానా 1917లోనే ఆగిపోయింది. ఈ రెండు కార్ఖానాలూ నార్తాంప్టన్‌లోని బాసెట్-లోక్ దుకాణం కోసం ఇంగ్లిష్ రైళ్ల రంగుల్లో ఇంజన్లు చేసేవి. కాబట్టి బొమ్మ మీద ఇంగ్లండు రైల్వే పేరు ఉన్నంత మాత్రాన అది ఇంగ్లండులో తయారైనదని అనుకోరాదు. 'మేడ్ ఇన్ యు.ఎస్. జోన్ జర్మనీ' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీ నాలుగు మండలాలుగా ఉన్న రోజులది. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే 1945, 1952 మధ్యది. రంగూన్ నుంచో కలకత్తా నుంచో వచ్చిన పెట్టెల్లో జపాను రేకు బొమ్మలు కనిపించే అవకాశం ఎక్కువ కనుక, ఈ చివరి గుర్తు మన ప్రాంతపు సేకర్తకు మరీ ముఖ్యం.

ముద్రలు చూడకముందే చేయవలసిన పని ఒకటుంది: పట్టాల మధ్య దూరం కొలవడం. లోపలి అంచు నుంచి లోపలి అంచుకు, మిల్లీమీటర్లలో. 1891లో లైప్‌జిగ్ సంతలో జర్మనీకి చెందిన మార్క్‌లిన్ కంపెనీ తన బొమ్మ రైళ్లకు సంఖ్యలతో గేజిలు ఏర్పరచింది. అంతకు ముందు ఎవరి కొలత వారిదే. ఈ వ్యాపారం నిలదొక్కుకోవడానికి ఆ క్రమబద్ధత ఎంతో తోడ్పడింది. ఒకటో గేజి 45 మి.మీ., ఓ గేజి 32, అమెరికన్ ఫ్లయర్ 1946 నుంచి వాడిన ఎస్ గేజి 22.5, డబుల్ ఓ, హెచ్.ఓ. రెండూ 16.5, ఎన్ గేజి 9. అమెరికాలోని లైనెల్ కంపెనీ 1906లో రెండుంపావు అంగుళాలకు కాస్త తక్కువైన గేజి తెచ్చి దానికి 'స్టాండర్డ్' అని పేరు పెట్టింది. అప్పటికి అది మరెవరి కొలతా కాదు. పదిహేను రూపాయల స్కేలుతో తీసిన ఒక్క కొలత వల్ల, తిరగెయ్యవలసిన పుస్తకాలు సగానికి తగ్గుతాయి.

ఈ కొలతలు చదువుతుంటే నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్లిన చిన్న గేజి రైలు గుర్తుకు రాక మానదు. పర్లాకిమిడి సంస్థానం వేసిన ఆ లైను 1900లో మొదలై, 1931 నాటికి గుణుపురం చేరింది. 2004లో ఆపి బ్రాడ్‌గేజికి మార్చగా, 2011లో మళ్లీ రైళ్లు నడిచాయి. ఆ పాత లైను వెడల్పు 762 మి.మీ. హెచ్.ఓ. నమూనా అసలు రైలులో 87వ వంతు కనుక, దాన్ని 87తో భాగిస్తే 8.8 మి.మీ. వస్తుంది. అంటే 760 మి.మీ. లైన్లున్న ఆస్ట్రియా కోసం 9 మి.మీ. పట్టాల మీద నడిచేలా చేసిన నమూనాల కొలత మన నౌపడా లైనుకు చక్కగా సరిపోతుంది. మన బ్రాడ్‌గేజికి ఆ అదృష్టం లేదు. 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది, బజారులో దొరికే 16.5 పట్టాలకు అది ఎక్కదు. పాత బొమ్మల సేకరణకు ఈ లెక్కతో నేరుగా పనిలేకపోయినా, విజయనగరం జంక్షనును బల్ల మీద నిలబెట్టాలనుకునేవారు ముందే తెలుసుకోవలసిన సంగతి ఇది.

అమెరికా బొమ్మల వైపు వస్తే గుర్తింపు గ్రంథాల తీరు మారుతుంది. 1900లో జాషువా లైనెల్ కోవెన్ స్థాపించిన లైనెల్ కంపెనీ రైళ్ల మీద, బ్రూస్ గ్రీన్‌బర్గ్ 1970ల నుంచి వెలువరించిన గైడ్లు సేకర్తల చేతి పుస్తకాలయ్యాయి. యుద్ధానికి ముందు, యుద్ధానంతరం అని కాలాన్ని విడదీసి, ఒక్కో నంబరు కింద ఒక్కో తేడాను అవి నమోదు చేస్తాయి. 1953 నుంచి వచ్చిన 6464 వరుస బాక్స్‌కార్లు (మూసి ఉండే సరుకుల పెట్టెలు) దీనికి మంచి ఉదాహరణ. పైకి అన్నీ ఒకే పెట్టెలా కనిపిస్తాయి. పక్కగోడ మీద రివెట్ల వరుసలు ఎక్కడిదాకా ఉన్నాయో చూస్తే అచ్చు ఏ దశదో తెలుస్తుంది. అక్షరాలను తొలగించి మళ్లీ ముద్రించినవారు రివెట్లను మార్చలేరు. ఫలానా అక్షరాలు ఫలానా అచ్చు మీద రావడానికి వీల్లేదని పుస్తకం చెబితే అనుమానం అక్కడే మొదలవుతుంది.

దొంగ సరుకు విషయంలో 1957 నాటి గులాబీ రంగు లైనెల్ సెట్టు చరిత్ర చదవదగ్గది. ఆడపిల్లల కోసమని గులాబీ ఇంజనుకు లేత రంగుల పెట్టెలు కలిపి కంపెనీ అమ్మకానికి పెట్టింది. పిల్లలకు అసలు రైలు లాంటి రైలే కావాలి, సెట్టు అమ్ముడుపోలేదు. తక్కువ అమ్ముడైనందునే తర్వాత సేకర్తలకు అపురూపమైంది. ఆ ఇంజను నంబరు 2037-500. అదే అచ్చులో వచ్చిన మామూలు నల్ల 2037 ఇంజను తక్కువ ధరకు దొరుకుతుంది. దానికి గులాబీ రంగు పూస్తే పని అయిపోయినట్లే కనిపిస్తుంది. రంగు ఛాయ, నంబరు ముద్రించిన తీరు, లోపలి వైపు రంగు చిమ్మిన ఆనవాళ్లు ఎలా ఉండాలో తెలియనివాడు ఈ మోసాన్ని పట్టుకోలేడు. వేల రూపాయల పుస్తకం లక్షల నష్టాన్ని తప్పించే సందర్భం ఇదే.

మార్క్‌లిన్ హెచ్.ఓ. బొమ్మలకు జర్మన్‌లో ఏటా వచ్చే కోల్ ధరల జాబితా పేరుమోసినది. ఆ భాష రాదని వెనుకాడనక్కరలేదు. అందులో ఎక్కువ భాగం నంబర్లు, సంవత్సరాలు, ధరల పట్టికలే. రంగులు, చక్రాలు, పెట్టె లాంటి రెండు మూడు పదుల మాటలు ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే సాయంత్రానికల్లా చదవడం పట్టుబడుతుంది.

ధరల పుస్తకాలను ఎలా చదవాలన్నది విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ మంది మొదట కొనేదీ, తప్పుగా వాడేదీ వాటినే. ముద్రించిన ధర ఆ దేశపు సంతల్లో, ఆ ఏడు, ఫలానా స్థితిలో ఉన్న బొమ్మకు రావచ్చని వేసిన అంచనా. విజయనగరంలో కొనేవాడు లేని బొమ్మకు ఆ ధర ఉండదు. అమెరికాకు పంపితే తపాలా, సుంకం, దారిలో సొట్టలు పడే ప్రమాదం అందులోంచి పోతాయి. పైగా చిన్నప్పుడు ఆ రైళ్లతో ఆడుకున్న తరం వృద్ధాప్యంలోకి వచ్చి సేకరణలు అమ్మకానికి పెట్టడంతో యుద్ధానంతరపు మామూలు లైనెల్ సరుకు ధరలు పడిపోయాయి. పాత గైడులోని అంకెలు చూసి అమ్మకందారు అడిగే ధరకు ఒప్పుకోవడం తెలివి కాదు. అయినా పాత గైడు వృథా కాదు. ఒక నంబరుకు పది డాలర్లు, దాని పక్క తేడాకు రెండు వందలు అని ఉంటే, ఆ అంకెలు మారినా వాటి మధ్య దూరం చెప్పే సంగతి మారదు: రెండోది అరుదు. ఆ దూరం కోసమే ధరల పుస్తకం చదవాలి. అందుకే పదేళ్ల పాత కూర్పు చవకగా దొరికితే నిశ్చింతగా కొనవచ్చు.

స్థితిని చెప్పే మాటలు కూడా ఇక్కడే తెలుసుకోవాలి. ట్రైన్ కలెక్టర్స్ అసోసియేషన్ ఒకటి నుంచి పది దాకా అంచెలు పెట్టింది. మామూలు మాటల్లో 'చాలా బాగుంది' అంటే సంతోషించే స్థితి, ఆ అంచెల్లో నడిమిది మాత్రమే. కొన్ని గీతలు ఉండవచ్చు. దాని పైది సన్నని గీతలు తప్ప సొట్ట గానీ తుప్పు గానీ లేనిది. మళ్లీ రంగు వేసిన బొమ్మ ఎంత మెరిసినా విలువలో పడిపోతుంది. మన ఇళ్లలో పాతది ఏది దొరికినా తోమి మెరిపించే అలవాటు ఉంది కనుక దీన్ని గట్టిగా చెప్పాలి. రేకు మీద అచ్చువేసిన బొమ్మను చింతపండుతో గానీ, ఇత్తడి సామాను తోమే పొడితో గానీ ఒక్కసారి రుద్దితే చాలు, రంగుతోపాటు బొమ్మ చరిత్రా పోతుంది. పొడి బట్టతో తుడిచి ఊరుకోవడమే ఉత్తమం.

పుస్తకాలను నమ్మవలసిందే, కానీ అవి దేని ఆధారంగా రాశారో చూసి నమ్మాలి. కంపెనీలు అచ్చువేసిన పాత కాటలాగులే చాలా పుస్తకాలకు మూలం. హార్న్‌బీ 1925 నుంచి ఏటేటా వెలువరించిన రైళ్ల పుస్తకం, 1916లో మొదలైన మెకానో మ్యాగజీన్ ప్రకటనలు అలాంటివి. అవి ఆ కాలపు సాక్ష్యాలే, అయినా అమ్మకం కోసం రాసినవి. బొమ్మ తయారు కాకముందే చిత్రకారుడితో దాని చిత్రం గీయించి ప్రకటించడం మామూలు. హార్న్‌బీ డబ్లోలో 'డచెస్ ఆఫ్ అథోల్' ఇంజనును రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లోనే ప్రకటించారు. యుద్ధం వల్ల కార్ఖానా ఆగి, అది నిజంగా బజారుకు వచ్చింది యుద్ధం ముగిశాకే. కాటలాగు ఒక్కటే చూసి రాసిన పుస్తకం దాన్ని యుద్ధానికి ముందరి బొమ్మగా లెక్కవేస్తుంది. కొన్నవాడు లేని బొమ్మ కోసం వెతుకుతాడు.

దీనికి వ్యతిరేక దిశలో మరో పొరపాటు జరుగుతుంది. లైనెల్ వంటి కంపెనీలు సియర్స్ లాంటి పెద్ద దుకాణాల కోసం ప్రత్యేకంగా సెట్లు కట్టి ఇచ్చేవి. అవి కంపెనీ సొంత కాటలాగులో ఉండవు. తన సెట్టు పుస్తకంలో కనిపించలేదని, అది ప్రపంచంలో ఒక్కటే అనుకునే సేకర్తలు ఉన్నారు. చాలాసార్లు అది చవక సరుకుతో కట్టిన దుకాణపు సెట్టు. ఆ సెట్ల కోసమే వేరుగా రాసిన పుస్తకాలు ఉన్నాయి. అవి తిరగెయ్యకుండా అరుదైనదనే మాట అనకూడదు.

మూలాన్ని చూడడం, మొదటి ముద్రణను పట్టుకోవడం అన్నవి మన ప్రాంతానికి కొత్త సంగతులు కావు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం చేస్తున్నది ఆ పనే. తర్వాత వచ్చిన సంపుటాలతో సరిపెట్టుకోకుండా, కథ మొదట అచ్చయిన పాత పత్రికలను వెతికి భద్రపరచడంలో ఉన్న శ్రద్ధ తెలిసినవారికి, బొమ్మ రైలు కాటలాగు అసలు ప్రతికీ, దానిని చూసి రాసిన పుస్తకానికీ తేడా వివరించనక్కరలేదు.

మంచి గుర్తింపు గ్రంథంలో తేదీల కన్నా విలువైన మరో భాగం ఉంటుంది. ఏ కాలపు బొమ్మకు ఏ జబ్బు వస్తుందో అది చెబుతుంది. 1930ల పోత లోహపు చక్రాలు, ఇంజను ఒళ్లు ఉబ్బి, పగిలి, చివరకు చేతిలో పొడి అయిపోవడం చాలా కంపెనీల బొమ్మల్లో కనిపిస్తుంది. జింకు మిశ్రమంలో సీసం వంటి మాలిన్యం కాస్త కలిసినా కాలం గడిచేకొద్దీ లోహం లోలోపలే చెడిపోతుంది. ఆ జబ్బుకు మందు లేదు, అతికించడం కుదరదు, కొత్త చక్రాలు వేయడమే. అందువల్ల 1930ల ఇంజను చక్రాలు నిగనిగలాడుతుంటే సంతోషించే ముందు, అవి తర్వాత మార్చినవేమోనని పుస్తకం తెరచి చూడాలి. మార్చడం నేరం కాదు. మార్చిన సంగతి అమ్మేవాడు చెప్పాలి, కొనేవాడికి తెలియాలి.

ప్లాస్టిక్ బొమ్మలది మరో కథ. 1950లో ఇంగ్లండులో రోవెక్స్ చేసిన సెట్టును 1951లో లైన్స్ బ్రదర్స్ కొని, ట్రయాంగ్ పేరుతో విస్తరించింది. 1954 నుంచి కార్ఖానా మార్గేట్‌కు మారింది. 1964లో అదే సంస్థ మెకానోను కొనడంతో ట్రయాంగ్, హార్న్‌బీ పేర్లు ఒకటయ్యాయి. పాట్ హామండ్ మూడు సంపుటాలుగా రాసిన ఈ కంపెనీ చరిత్ర దుకాణదారు దగ్గర ఉండే జాబితా కన్నా వివరంగా ఉంటుంది. తొలి బోగీలను సెల్యులోజ్ ఎసిటేట్‌తో పోశారు. అది కాలక్రమంలో కుంచించుకుపోయి విల్లులా వంగుతుంది. తర్వాత పాలిస్టైరీన్‌కు మారాక ఆ బాధ తగ్గింది. కాబట్టి వంగిన బోగీని చూసి ఎండలో పెట్టి పాడుచేశారని ఎవరినీ నిందించనక్కరలేదు. ఆ వంపే దాని తొలి కాలానికి గుర్తు.

ఇక్కడ ఒక లోటు చెప్పుకోవాలి. ఈ పుస్తకాలన్నీ చల్లని దేశాల ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. భావనపాడు, కళింగపట్నం తీరానికి దగ్గరగా ఉన్న ఇంట్లో ఉప్పుగాలి రేకు అంచులను ఎంత తొందరగా తింటుందో అవి చెప్పవు. 2018 తిత్లీ లాంటి తుఫాను వచ్చి ఇంటి కప్పు కారితే అట్టపెట్టె గతేమిటో చెప్పవు. బొమ్మకున్న విలువలో పెద్ద భాగం ఒక్కోసారి ఆ అసలు అట్టపెట్టెదే. నేల మీద కాకుండా ఎత్తైన బల్ల మీద, గోడకు తగలకుండా, మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టడం ఈ వాతావరణానికి తగిన పద్ధతి. చెదలు, వెండి పురుగుల భయంతో నాఫ్తలిన్ ఉండలు వేసే అలవాటు బట్టల పెట్టెల వరకే ఉండాలి. ఆ ఆవిరి పాలిస్టైరీన్‌ను మెత్తబరచి పాడుచేస్తుంది.

కరెంటుతో నడిచే పాత సెట్లలో పుస్తకం ప్రాణానికే రక్షణ. హార్న్‌బీ 1925లో తెచ్చిన మెట్రోపాలిటన్ సెట్టులో ఒక రకం ఇంటి కరెంటుతోనే, బల్బు గుండా తగ్గించి, నడిచేది. పట్టాలను పిల్లలు ముట్టుకునే బొమ్మకు అది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అమెరికా ట్రాన్స్‌ఫార్మర్లు అక్కడి 110-120 వోల్టులకు చేసినవి. మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతాయి. లైనెల్, మార్క్‌లిన్ హెచ్.ఓ. ఇంజన్లకు ఆల్టర్నేటింగ్ కరెంటు, హార్న్‌బీ డబ్లోకు 12 వోల్టుల డైరెక్టు కరెంటు కావాలి. ఏ ఇంజనుకు ఏది అన్నది పుస్తకంలో చూసేదాకా పాత తీగలను గోడ ప్లగ్గు దగ్గరికి తీసుకెళ్లకూడదు.

డబ్బు పరిమితంగా ఉన్న సేకర్త ఏం కొనాలి? ఇంట్లో దొరికిన బొమ్మ ఏ కంపెనీదో ముద్రను బట్టి, గేజిని బట్టి తేలాక, ఆ కంపెనీ ఆ గేజి మీద వచ్చిన అతి వివరమైన పుస్తకం ఒకటి. దాని తర్వాత, బొమ్మ తయారైన సంవత్సరానికి దగ్గరి కాటలాగు పునర్ముద్రణ ఒకటి. ధరల పుస్తకం మూడోది, అదీ పాత కూర్పు. ఫొటోల పుస్తకం ఎప్పుడైనా కొనవచ్చు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో నలుగురు సేకర్తలు కలిస్తే, తలా ఒక కంపెనీ పుస్తకం కొని మార్చుకుని చదవడం అన్నిటికన్నా మేలు. ఈ పుస్తకాల్లో చాలావాటి ముద్రణ ఆగిపోయింది. విదేశీ పాత పుస్తకాల దుకాణాల నుంచి తెప్పిస్తే కొన్నిసార్లు పుస్తకం ధర కన్నా తపాలాయే ఎక్కువవుతుంది.

ఏ విదేశీ పుస్తకంలోనూ దొరకనిది ఒకటుంది: ఆ బొమ్మలు మన ఇళ్లకు ఎలా వచ్చాయన్నది. కలకత్తాలో ఏ దుకాణంలో కొన్నారు, ఎవరు తెచ్చారు, ఏ ఏడు, ఏ పిల్లల కోసం, పట్టాలు కొన్ని ఎందుకు పోయాయి. మన దేశంలో తయారైన రేకు రైళ్ల సంగతి అంతకన్నా చీకటి. వాటిని ముక్క ముక్కగా వివరించే గ్రంథాలు హార్న్‌బీకో లైనెల్‌కో ఉన్నట్లు లేవు. ఆ లోటు పూడేది ఇళ్లలో దొరికిన ప్రతి బొమ్మకూ ఒక పేజీ రాసుకున్నప్పుడే. పట్టాల మధ్య కొలత, పొడవు, బరువు, అడుగు భాగంలో ఉన్న ప్రతి అక్షరం, కీ రంధ్రం ఏ వైపు ఉందన్నది, చక్రాలు రేకువా పోత లోహంవా, రంగు ఎక్కడెక్కడ పోయింది, నాలుగు వైపుల నుంచీ అడుగు నుంచీ ఫొటోలు. ఇంట్లోని పెద్దవారు చెప్పిన మాటలు వారి మాటల్లోనే, విన్న తేదీతో. అట్టపెట్టె మూత మీద దుకాణం చీటీ ఉంటే దాన్ని ఊడదీయకుండా అలాగే ఉంచి, ఆ ఊరూ పేరూ చదవగలిగేలా దగ్గరగా మరో ఫొటో తీయాలి.